ఈ వారం ఏ ఆల్బం వింటున్నారు? విడి పాటలు వద్దు, మొదటి నుంచి ఆఖరి దాకా విన్నదే చెప్పండి

రాయగడ_రేడియో:

అందరికీ నమస్కారం. ఈసారి ఒక షరతు. పాట పేరు కాదు, ఆల్బం పేరు చెప్పండి. వరస తప్పిస్తే రుచి పోతుందనిపించేది ఒక్కటి చాలు. "చాలా బాగుంది, మనసుకి హాయి" అంటే ఎవరికీ పనికిరాదు. చెవి ఎక్కడ పెట్టాలి, ఏ వాద్యాన్ని పట్టుకోవాలి, ఏ కాపీతో చిక్కు వస్తుంది, అది రాయండి. తెలుగు ఆల్బంలు మనకి ఎలాగూ తెలుసు కాబట్టి ఇటు ఒడిశా వాళ్ళు, అటు మహారాష్ట్ర వాళ్ళు పక్క భాషది చెప్తే మరీ మంచిది.

ముందు నాది. కాల్ ఆఫ్ ద వ్యాలీ, 1967. సంతూర్ శివకుమార్ శర్మ, వేణువు హరిప్రసాద్ చౌరాసియా, గిటారు బ్రిజ్ భూషణ్ కాబ్రా. చౌరాసియా 1957లో కటక్ రేడియోలో ఉద్యోగంలో చేరిన మనిషి, కాబట్టి ఇటువైపు ఆయన్ని కొంచెం సొంతం చేసుకుంటాం. కశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరికి తెల్లవారి పొద్దుగుంకిన వైనం ఈ ఆల్బం. అహిర్ భైరవ్, నట్ భైరవ్ కలిపి మొదటిది, తర్వాత పీలూ, భూప్, దేశ్, పహాడీ. రాగాల వేళ ప్రకారమే పేర్చారు. మొదటిది పన్నెండు నిమిషాలు దాటుతుంది, మిగతావి దాంట్లో సగం ఉంటాయి. మన చెవికి అహిర్ భైరవ్ చక్రవాకంలా, భూప్ మోహనలా తగులుతాయి.

వినేటప్పుడు ఒకటి గమనించండి. సంతూర్ తీగని చిన్న కర్రలతో కొడతారు గనక స్వరాన్ని జారించడం కుదరదు. కాబట్టి ఒకే స్వరాన్ని గబగబా కొట్టి సాగదీస్తారు. ఆ జారుడు మొత్తం వేణువుకీ గిటారుకీ అప్పగించారు. సంతూర్ ఆపిన స్వరాన్ని గిటారు ఎక్కడ అందుకుంటుందో చూడండి, ఆల్బం సగం అక్కడే ఉంది.

చిక్కు: తర్వాత వచ్చిన సీడీల్లో పహాడీ అయ్యాక అదనపు ట్రాకులు తగిలించారు. యాప్‌లో కూడా అవే ఉంటాయి. రాత్రయి కాపరి పడుకున్నాక మళ్ళీ వాయించడం మొదలెడితే ఏం బాగుంటుంది? అయిదోదానితో ఆపేయండి. ఆటోప్లే ముందే తీసేయండి.

ఇక నా సందేహాలు రెండు. గీతగోవిందం ఒడియా బాణీలో వినాలంటే ఎక్కడ మొదలెట్టాలి? రెండోది, పాత క్యాసెట్లు మూత పెట్టిన గిన్నెలోంచి పాడినట్టు వినిపిస్తున్నాయి. డెక్కుదా తప్పు, టేపుదా?


పర్లాకిమిడి_మద్దెల:

గీతగోవిందానికి రఘునాథ్ పాణిగ్రాహి దగ్గర మొదలెట్టండి, వేరే ఆలోచన వద్దు. మన గుణుపురంలో పుట్టిన మనిషి. తెలుగువాళ్ళకి ఆయన గొంతు కొత్త కాదు. జయభేరి (1959)లో "మది శారదాదేవి మందిరమే" పాడిన ముగ్గురిలో ఘంటసాల, పి.బి. శ్రీనివాస్ గారలతో పాటు మూడో ఆయన ఈయనే. ముందు కల్యాణి రాగంలోని ఆ పాట ఒకసారి విని, ఆ గొంతు గుర్తుపెట్టుకుని అష్టపదులకి రండి.

అందరూ ఇబ్బంది పడేది వెతకడంలో. మొత్తం 12 సర్గలు, 24 అష్టపదులు. ఒకే అష్టపదికి ఆల్బంని బట్టి రెండు పేర్లు ఉంటాయి. ఒకరు మొదటి చరణం ఎత్తుగడతో రాస్తారు, ఇంకొకరు పల్లవితో. 17వది కొన్నిచోట్ల "రజని జనిత గురు జాగర", కొన్నిచోట్ల "యాహి మాధవ యాహి కేశవ". 19వది "వదసి యది కించిదపి", అదే "ప్రియే చారుశీలే". 6వది "నిభృత నికుంజ గృహం", అదే "సఖి హే కేశి మథన". ఇది తెలియక ఒకే పాట రెండుసార్లు దించుకుని, అసలు కావలసింది లేదనుకుంటారు. పైగా ఒడియాలో వ ని బ గా, మొదట్లో వచ్చే య ని జ గా పలుకుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు గోబింద, జయదేబ, జాహి మాధబ అని కూడా కొట్టి చూడండి. వెంటనే రెట్టింపు దొరుకుతాయి.

రికార్డుల్లో రెండు రకాలున్నాయి. నాట్యానికి పాడినవి, వినడానికి పాడినవి. పాణిగ్రాహి భార్య సంయుక్తా పాణిగ్రాహి పేరున్న ఒడిస్సీ నర్తకి, అందుకని నాట్యానికి పాడినవి బాగానే దొరుకుతాయి. అభినయం కోసం ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడతారు. ఊరికే వింటే "ఇంకా ఇక్కడే ఉన్నాడేటి" అనిపిస్తుంది. వాటిని పుస్తకం పక్కన పెట్టుకుని వినండి. అదే పాదం ప్రతిసారీ ఏ అర్థాన్ని ఎత్తి చూపుతోందో పట్టుకోవడమే అందులో మజా.

మన భజన సంప్రదాయం బాణీలతో పోల్చి ఇది తప్పు, అది ఒప్పు అనకండి. పుస్తకంలో ప్రతి అష్టపదికీ రాగం పేరుంది (3వది "లలిత లవంగ లతా"కి వసంత), కానీ జయదేవుడి నాటి బాణీ ఎవరి దగ్గరా మిగల్లేదు. ఇటు వినిపించే చర్మవాద్యం మర్దళ. మృదంగం అనుకుని లెక్క వెయ్యకండి, నాదమూ వేరు, జతులూ వేరు.


బల్లార్షా_ప్యాసింజర్:

రాయగడ అన్నా, మీ షరతుకు అచ్చం సరిపోయేది మా దిక్కు ఒకటుంది. గీత్ రామాయణ్. గ.ది. మాడ్గూళ్కర్ రాసిండు, సుధీర్ ఫడ్కే బాణీలు కట్టిండు. 1955 శ్రీరామనవమికి పుణె ఆకాశవాణిల మొదలైంది, వారానికొక పాట. ఏడాదికి 52 అనుకున్నరు, నడుమ అధిక మాసం పడి 56 అయినయి. రేడియోల పాత్రకొక గొంతు ఉండె. రికార్డుల మీద వచ్చిన సెట్టుల మాత్రం అన్నీ ఫడ్కేనే పాడిండు. దొరికేది ఎక్కువ ఇదే. కొనేముందు ఏదో చూసుకోండి, రేడియో గొంతులు వస్తయనుకొని తీసుకున్నోళ్ళు నారాజ్ అయితరు.

మొదటి పాట భూప్‌ల, అంటే మీరన్న మోహననే. కుశలవులు రాముని ముందట నిలబడి రామాయణం పాడుతుంటరు, రామునికి వాళ్ళు తన పిల్లలని ఎరుక లేదు. ఆఖరి పాట భైరవిల. గిది మన భైరవి గాదు, స్వరాలు మన తోడికి దగ్గర. హిందుస్తానీ కచేరి భైరవితోని ముగిస్తరు గద, గందుకే అక్కడ పెట్టిండు. వరస చెడగొడితే ఈ లెక్కంతా పాడైతది.

వరస చెడేది ఫోన్లనే. పాటలు దించుకున్నంక పేర్లు అక్షరాల వరసల పడతయి. సీతమ్మను ఎత్తుకపోయినంక పెండ్లి పాట వస్తది! ఫైలు పేరు ముందట నంబరు పెట్టుండ్రి, అదీ 1, 2, 3 అని గాదు, 01, 02 అని రెండంకెలతోని. ఒక్క అంకె పెడితే చానా ప్లేయర్లు 1 తర్వాత 10, 11 ఎత్తుకుంటయి, 2 ఎక్కడనో ఎనుకకు పోతది. ఇంకొకటి, ప్లేయరు ఫైలు పేరు చూడకుండ లోపల రాసుండే వివరాలు, అంటే ట్యాగు, చూస్తది. ట్యాగుల ట్రాక్ నంబరు గూడ నింపాలె, ఆల్బం పేరు 56కూ ఒక్క తీరుగ ఉండాలె. ఒక్క దాంట్ల స్పేస్ ఎక్కువున్నా వేరే ఆల్బం అని పక్కకు పెడతది.

ఉగాది నాడు షురూ చేసి రోజుకు 7 వింటే అష్టమికి 56 పూర్తి. నవమి నాడు మళ్ళ మొదటి పాట.

మరాఠీ అంత పొడుగు వద్దనుకుంటే శ్రీనివాస్ ఖళే బాణీలల్ల లతా పాడిన అభంగ్ తుకయాచే వినుండ్రి. చిన్నది, నెమ్మదిగుంటది.


జయపురం_టేపు:

రాయగడ గారూ, క్యాసెట్టు సంగతి. మూత పెట్టినట్టు వినబడటానికి సాధారణంగా నాలుగు కారణాలు. తేలికది ముందు చూడండి, స్క్రూడ్రైవర్ ఆఖర్న.

మొదట డోల్బీ మీట, అంటే టేపు బుస తగ్గించే ఏర్పాటు. డోల్బీ లేకుండా ఎక్కించిన టేపుని డోల్బీ నొక్కి వింటే పై స్థాయి శబ్దాలన్నీ నలిగిపోతాయి. తీసేసి చూడండి. తలకిందులైతే, అంటే డోల్బీతో ఎక్కించినదాన్ని అది లేని డెక్కులో వేస్తే, బుస ఎక్కువై గొంతు పదునుగా వస్తుంది.

రెండోది హెడ్ (టేపుని చదివే భాగం) మీద మురికి. గోధుమరంగు పొర కనిపిస్తే అదే. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవి పుల్ల. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, జిడ్డు మిగులుతుంది. హెడ్‌కీ, పక్కనున్న లోహపు కడ్డీకీ ఆల్కహాల్ పెట్టొచ్చు. రబ్బరు రోలర్‌కి మాత్రం తడిగుడ్డ చాలు, తరచూ ఆల్కహాల్ తగిలితే రబ్బరు గట్టిపడి పగులుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చాకే టేపు వెయ్యండి.

మూడోది క్యాసెట్టు లోపలి ప్యాడ్. టేపు బయటికి కనిపించే చోట, మధ్యలో చిన్న రేకు మీద ఫెల్టు ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కి అదిమి పట్టేది అదే. ఇరవై ముప్పై ఏళ్ళయ్యాక జిగురు ఎండి ఊడిపోతుంది. అది లేకపోతే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. అయిదు స్క్రూల క్యాసెట్టయితే విప్పి, ఖాళీ క్యాసెట్టు నుంచి రేకుతో సహా మార్చేయండి. అతికించిన పెట్టె అయితే అంచు పగలగొట్టి, రెండు చుట్టల్నీ స్క్రూల పెట్టెలోకి మార్చాలి. విప్పేముందు ఫోటో తీసుకోండి. టేపు ఏ రోలర్ మీదుగా వెళ్ళిందో తర్వాత గుర్తుండదు.

నాలుగోది అజిమత్. హెడ్‌లో ఉన్న సన్న చీలిక టేపుకి నిట్టనిలువుగా ఉండాలి. ఎక్కించిన యంత్రంలో ఒక కోణం, మన డెక్కులో ఇంకో కోణం అయితే మొదట పోయేది తాళాల మెరుపు, స, శ ల పదును. ఒక్క క్యాసెట్టే మూగగా ఉండి మిగతావి బాగుంటే అనుమానించాల్సింది దీన్నే. హెడ్‌కి ఒక పక్క స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. దాని అసలు స్థానం పెన్నుతో గుర్తుపెట్టుకోండి. శబ్దాన్ని మోనోలో పెట్టి, తాళాలు మోగే చోట, స్క్రూని ఎనిమిదో వంతు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పండి. మెరుపు ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ ఆపండి. మోనో ఎందుకంటే, కోణం తప్పితే ఎడమ కుడి రెండూ ఒక క్షణం తేడాతో వస్తాయి. కలిపి వింటే ఆ తేడా వెంటనే దొరికిపోతుంది. ఆ క్యాసెట్టు అయ్యాక స్క్రూని మళ్ళీ గుర్తు దగ్గరికి తేవాలి. ఇది మర్చిపోయి మిగతా క్యాసెట్లన్నీ చెడిపోయాయని ఏడ్చేవాళ్ళు చాలామంది.

శ్రుతి కూడా చూసుకోండి. బెల్టు సాగితే స్వరం ఊగుతుంది, మోటారు తప్పితే మొత్తం పైకో కిందికో పోతుంది. అదే ఆల్బం సీడీగా ఉంటే నిడివి పోల్చండి. 22 నిమిషాల వైపు 21 నిమిషాల 20 సెకన్లకే అయిపోతే 3 శాతం ఎక్కువ వేగం. అంటే అర మెట్టు కాదు, అందులో సగం పైకి. గాయకుడు వేరే మనిషిలా వినబడటానికి అది చాలు. మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం సర్దే స్క్రూ ఉంటుంది.

కొరాపుట్ వానాకాలానికి టేపు చుట్ట మీద తెల్ల చుక్కలు వస్తే అది బూజు. మంచి డెక్కులో వెయ్యకండి, రోలర్‌కి అంటి తర్వాతి క్యాసెట్టుకి పాకుతుంది. ఎండలో పెట్టడం అసలే వద్దు.


బరంపురం_కార్నర్:

టేపుల గొడవ లేనివాళ్ళకి రెండు.

హౌ టు నేమ్ ఇట్, ఇళయరాజా, 1986. త్యాగరాజుకీ, జర్మన్ స్వరకర్త బాక్‌కీ అంకితం. పాట లేదు, వి.ఎస్. నరసింహన్ వయొలినే నాయకుడు. ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్ వినేముందు బాక్ మూడో పార్టిటా ప్రెల్యూడ్ ఒంటి వయొలిన్ మీద ఒకసారి వినండి, నాలుగు నిమిషాలే. ఆ తర్వాత దీన్ని పెడితే, బాక్ వరస ఏది, రాజా దాని పక్కన అల్లినది ఏది, విడివిడిగా తెలుస్తాయి. అది వినకుండా వెళ్తే అంతా ఒక గుంపులా వినబడి "బాగుంది" దగ్గరే ఆగిపోతారు. రెండోసారి వినేటప్పుడు వయొలిన్ని వదిలేసి బేస్ గిటారుని మాత్రమే పట్టుకోండి. ఫోన్ స్పీకర్లో ఆ బేస్ ఉండదు. ఫోన్ స్పీకర్లో విన్నవాళ్ళ అభిప్రాయం ఈ ఆల్బం విషయంలో నేను లెక్కపెట్టను, కోపం తెచ్చుకోకండి.

రెండోది శక్తి అనే బృందం మొదటి ఆల్బం. 1975 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కాలేజీలో జరిగిన కచేరీ, 1976లో వచ్చింది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం. మొదటి ట్రాకు దాదాపు 18 నిమిషాలు. తబలా, ఘటం ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఏది ఎవరిదో తెలియకపోతే చెవి కిందికి పెట్టండి. ఘటం మూతి పొట్టకి ఆనించి వదిలినప్పుడు వచ్చే "గుమ్" తబలా జతలో ఎడమచేతి బాయా లాగా జారదు, పుట్టి ఆగిపోతుంది.

యాప్ సర్దుబాట్లు: బాస్ బూస్ట్ తీసేయండి, షఫుల్ తీసేయండి. స్పాటిఫైలో శబ్దం సమం చేసే సదుపాయం ఆన్‌లో ఉన్నా, ఆల్బంని వరసగా పెడితే ఆల్బం మొత్తానికి ఒకే కొలత వేస్తుంది, మెత్తని పాట మెత్తగానే ఉంటుంది. షఫుల్లో మాత్రం ప్రతి పాటనీ విడిగా సమం చేస్తుంది. ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకునే అలవాటున్నవాళ్ళు మోనో ఆన్ చేసుకోండి, లేదంటే సగం వాద్యాలు పోతాయి.

జయపురం గారూ, ఒక్క మాట. క్యాసెట్టు బుసని కంప్యూటర్లో తీసేయొచ్చు కదా, ఇంత శ్రమ ఎందుకు?


జయపురం_టేపు:

బుస తీయొచ్చు, పోయిన మెరుపు తేలేము. టేపు నుంచి రానిదాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే ముందు హెడ్, తర్వాత కంప్యూటర్. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్స్ దాటించకండి. 20 పెడితే బుస పోతుంది, దాంతో పాటు తంబురా కూడా పోతుంది. మిగిలింది నీళ్ళలో ముంచి పాడినట్టు గలగలమంటుంది. తంబురా నాదమూ టేపు బుసా ఆగకుండా సాగేవే, దానికి తేడా తెలియదు. మన సంగీతానికి ఇదే పెద్ద ప్రమాదం.


సిరొంచ_శ్రోత:

నాకు ఆల్బం ముచ్చట కంటె ముందు గ్రామఫోన్ ప్లేట్ల ముచ్చట. మా గడ్చిరోలి, చంద్రపూర్ ఎండలకు ఎల్పీలు వంకర పోతయి. వినైల్ 60 డిగ్రీల దరిదాపుల మెత్తబడతది, రేకుల ఇంటి అటకా, మూసిన కారూ ఆ లెక్కకు అందుతయి. ఒకదాని మీద ఒకటి పండబెట్టద్దు, నిలువుగ, సందు లేకుండ, అట్లని బిగించకుండ పెట్టాలె. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు, 78లు, వినైల్ గాదు, లక్క. వాటికి ఆల్కహాల్ తగిలితే కరుగుతయి, నీళ్ళతోనే తుడువుండ్రి. ముల్లు గూడ వేరే. ఎల్పీ ముల్లు సుమారు 18 మైక్రాన్లు, 78 ముల్లు 76. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున గీసుకుంట పోతది, గరగర తప్ప ఏం రాదు.

వింటున్నదా? బాలాజీ పంచరత్నమాల, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, అయిదు ఎల్పీలు. ఒక్క రోజు ఒక్క ప్లేటే.


రాయగడ_రేడియో:

డోల్బీయే! తీసేయగానే మూత లేచింది. పర్లాకిమిడి గారూ, "జాహి" అని కొడితే 17వది నాలుగు రకాలు దొరికింది. ఇప్పుడు పాణిగ్రాహి క్యాసెట్టు ఒకటి కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఎంత స్థలం పడుతుంది, ఏ సెట్టింగు?


జయపురం_టేపు:

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో. నిమిషానికి 17 ఎంబీ చొప్పున 45 నిమిషాలకి 780 ఎంబీ దాకా అవుతుంది. ఫ్లాక్‌లోకి మారిస్తే సుమారు సగానికి దిగుతుంది, నాణ్యత తగ్గదు. డెక్కు హెడ్‌ఫోన్ కన్నం నుంచి కాదు, వెనక లైన్ అవుట్ నుంచి తీసుకోండి. అన్నిటికంటే గట్టిగా పాడిన చోట వెతికి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి. ఎర్రగీత తాకితే ఆ పగులు తర్వాత పోదు. పాత టేపు కదా, ఎక్కించేముందు ఒకసారి ఆ చివరి దాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి, చుట్ట బిగువు సమం అవుతుంది. ఎక్కించిన అసలు ఫైలుని ముట్టుకోకుండా దాచి, కాపీ మీద పని చెయ్యండి.

వీటన్నిటికంటే ముందు క్యాసెట్టు పైఅంచున రెండు మూలల్లో ఉన్న చిన్న ప్లాస్టిక్ పలుకులు చూడండి. విరిగి లేకపోతే ఇప్పుడే విరగ్గొట్టండి. లేదంటే ప్లే బదులు రికార్డు మీట మీద వేలు పడ్డ రోజున 17వ అష్టపది మధ్యలో మీ ఇంటి ఫ్యాను చప్పుడు ఎక్కుతుంది.